ముఖచిత్రం ఎవరి హక్కు?

స్త్రీల హక్కుల పత్రికలో నవలల అట్టల గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. అవి మన నవలలు కూడా కావు. ఎక్కడో అమెరికాలో, ఇంగ్లండులో అచ్చయ్యే ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ నవలలు. ఇక్కడ వరకట్నం చావులు ఆగలేదు. కూలి రేట్లలో ఆడా మగా తేడా పోలేదు. పొలం పట్టాలో భార్య పేరు ఎక్కించడానికి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తోంది. ఇన్ని ఉండగా బొమ్మల గొడవ మనకెందుకు?

ఎందుకో చెప్తాను. ఒక స్త్రీ ఒక పుస్తకం రాస్తుంది. ఆ పుస్తకంలో ఒక స్త్రీ ఉంటుంది. ఆమె బొమ్మను మరొక స్త్రీ గీస్తుంది. ఆ బొమ్మ ఎలా ఉండాలో నిర్ణయించే అధికారం మాత్రం ఈ ముగ్గురిలో ఎవరికీ ఉండదు. రాసిన మనిషి మాట, గీసిన మనిషి శ్రమ, గీయబడిన మనిషి శరీరం - ఈ మూడింటికీ యజమాని వేరే ఎక్కడో కూర్చుని ఉంటాడు. ఇది హక్కుల ప్రశ్న కాకపోతే మరేది హక్కుల ప్రశ్న?

ఈ వ్యాసంలో నా తగాదా ఇద్దరితో. మొదటిది, స్త్రీ శరీరాన్ని అట్టమీద పరిచి పుస్తకాలు అమ్ముకునే వ్యాపారంతో. రెండోది, అలాంటి బొమ్మ కనిపించగానే "అశ్లీలం, నిషేధించండి" అని మాత్రమే అనగలిగే మన అలవాటుతో. ఈ రెండో తగాదా మనలో మనకే గనక, దాన్నే కాస్త గట్టిగా పెట్టుకుంటాను.

కథలో కవచం, అట్టమీద చర్మం

1934 అక్టోబరులో అమెరికాలోని "వియర్డ్ టేల్స్" పత్రిక ఒక కథ అచ్చువేసింది. కథ పేరు "బ్లాక్ గాడ్స్ కిస్". రాసింది సి.ఎల్. మూర్. పూర్తి పేరు కేథరిన్ లూసిల్ మూర్. ఇండియానాపొలిస్‌లో ఒక బ్యాంకులో ఉద్యోగం చేస్తూ రాసేది. ఆమె సృష్టించిన జిరెల్, ఫ్రాన్సు దేశపు పాతకాలం నాటి ఒక కోటకు ఏలిక. కథ మొదలయ్యేసరికి శత్రువు కోట పట్టుకుంటాడు. నిలువెల్లా కవచంతో ఉన్న సేనానిని కట్టేసి అతని ముందుకు తెస్తారు. శిరస్త్రాణం తీస్తే లోపల ఆడమనిషి! అంతవరకూ తనతో తలపడింది స్త్రీ అని గెలిచినవాడికే తెలియదు. కత్తిపట్టిన వీరుడు అంటే మగవాడే అని రాసుకుంటున్న కథాసాహిత్యంలో ఈ ఒక్క సన్నివేశంతో మూర్ ఒక గోడ కూల్చింది.

మరి ఆ నెల అట్టమీద ఏముంది? నల్లటి విగ్రహాన్ని కౌగిలించుకుని ముద్దుపెట్టుకుంటున్న, ఒంటిమీద బట్ట నిలవని ఒక అందగత్తె. కథలో కవచం ఉంది, అట్టమీద లేదు. కథలో శత్రువు తీయించింది శిరస్త్రాణం ఒక్కటే అనుకుంటే, అట్టమీద పత్రిక మిగతావన్నీ తీసేసింది.

ఆ బొమ్మ కింద "ఎం. బ్రండేజ్" అని సంతకం ఉంటుంది. చాలామంది పాఠకులు మగవాడే అనుకున్నారు. ఆమె పేరు మార్గరెట్ బ్రండేజ్. షికాగోలో ఉండేది. 1932 నుంచి 1945 వరకు ఆ పత్రికకు 66 అట్టలు గీసింది. రంగు సుద్దలతో, ఎంతో నేర్పుగా గీసేది. అట్టకు 90 డాలర్లు ఇచ్చేవారు. దేశమంతా ఆర్థికమాంద్యంలో ఉన్న ఆ రోజుల్లో, కొడుకునూ జబ్బుమనిషైన తల్లినీ పోషించుకోవలసిన స్త్రీకి అది వదులుకోదగ్గ డబ్బు కాదు.

ఇక్కడే మన వాదనను ఎదిరించేవాళ్లు చప్పట్లు కొడతారు. "చూశారా, బట్టలు విప్పింది ఆడదే! ఇందులో పితృస్వామ్యం ఎక్కడుంది?" అంటారు. బీడీలు చుట్టే స్త్రీ పొగాకు వ్యాపారానికి యజమానురాలు అవుతుందా? ఏ బొమ్మ అట్టకెక్కాలో తేల్చింది సంపాదకుడు ఫార్న్స్‌వర్త్ రైట్. నగ్నత్వం ఉన్న సంచిక బాగా అమ్ముడవుతుందని లెక్క వేసింది పత్రిక. ఆ లెక్క రచయితలకూ తెలిసిపోయింది. ఒక కొరడా దెబ్బల సన్నివేశమో, బలిపీఠం మీద ఆడపిల్లో కథలో ఉంటే అట్ట తమకు దక్కుతుందని కొందరు కావాలనే అలాంటివి జొప్పించారని ఆ పత్రిక చరిత్ర రాసినవాళ్లు చెప్తారు. అంటే అట్ట కథను అనుసరించడం పోయి, కథే అట్టను అనుసరించడం మొదలుపెట్టింది. సరుకు కోసం సంచి కాదు, సంచి కోసం సరుకు!

అలాగని బ్రండేజ్‌ను కేవలం బాధితురాలిగా చూపించి జాలిపడటం నా ఉద్దేశం కాదు. ఆమె బొమ్మల్లో ఆడవాళ్లకు ఒక నిబ్బరం, ఒక కళ ఉన్నాయి. ఆమె పనితనాన్ని ఈనాటికీ మెచ్చుకునే స్త్రీలున్నారు. పనితనం ఆమెది, నిర్ణయం ఆమెది కాదు. నా మాటంతా ఈ తేడా గురించే.

నీతి పేరుతో ఎవరి పొట్ట కొట్టారు?

1938లో ఏం జరిగిందో మన ఉద్యమం శ్రద్ధగా గమనించాలి. న్యూయార్క్ మేయరు లా గార్డియా అశ్లీల పత్రికల మీద యుద్ధం ప్రకటించాడు. సరిగ్గా అదే ఏడు "వియర్డ్ టేల్స్" చేతులు మారి షికాగో నుంచి న్యూయార్క్‌కు తరలింది. అట్టల మీద నగ్నత్వం తగ్గింది. బ్రండేజ్‌కు పనీ తగ్గింది. రంగు సుద్ద బొమ్మలు అంత దూరం పంపితే చెడిపోతాయన్న ఇబ్బంది కూడా దానికి తోడయింది. ఆ తర్వాత ఆ పత్రికలో ఆమె అట్టలు అరుదైపోయాయి.

నేను అడిగే ప్రశ్న ఒక్కటే. నీతి ఉద్యమం గెలిచింది కదా, జిరెల్‌కు కవచం తిరిగి వచ్చిందా? రాలేదు. కేథరిన్ మూర్‌కు తన కథ అట్ట మీద ఒక మాట చెప్పే హక్కు వచ్చిందా? రాలేదు. పరాయి గ్రహపు రాక్షసుడి చేతుల్లో కేకలు పెట్టే ఆడపిల్ల బొమ్మ ఆ తర్వాత ఇరవై ఏళ్లూ ఇతర పత్రికల అట్టల మీద రాజ్యమేలింది. కాకపోతే ఆమెకు కాస్త బట్ట కప్పారు. బట్ట పెరిగింది, బలం పెరగలేదు. చివరికి లెక్క చూసుకుంటే, ఈ మొత్తం వ్యవహారంలో ఖాయంగా నష్టపోయింది కష్టపడి సంపాదించుకుంటున్న ఒక స్త్రీ.

మనకూ ఒక చట్టం ఉంది. స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం, 1986. స్త్రీని కించపరిచే చిత్రణ అనే మాట అందులో ఉన్నందుకు సంతోషించాం. కానీ దాని పక్కనే ప్రజల నైతికతను చెడగొట్టే చిత్రణ అనే మాట కూడా ఉంది. అడుగు పడేది ఎప్పుడూ ఈ రెండో మాట మీదే. ఎంత చర్మం కనిపించింది అని కొలిచే పోలీసు, ఆ బొమ్మలో ఆడమనిషి ఏం చేస్తోంది అని అడగడు. నిండా చీర కట్టి, మగవాడి కాళ్ల దగ్గర కూర్చోబెట్టిన స్త్రీ బొమ్మ ఈ చట్టానికి ఎప్పుడూ చిక్కదు. సినిమా పోస్టర్ల మీద తారు పూసిన మన అక్కచెల్లెళ్ల కోపాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. అది న్యాయమైన కోపం. కానీ తారు బొమ్మను మూయగలదు గానీ కొత్త బొమ్మను గీయలేదు. గీసే చోట ఎవరు కూర్చున్నారన్నది తారు బుడ్డితో తేలే విషయం కాదు.

అట్ట ఎలా తయారవుతుంది?

అందుకే ఆ గీసే చోటికి వెళ్లి చూద్దాం. పెద్ద ప్రచురణ సంస్థల్లో అట్టను నడిపించేది ఆర్ట్ డైరెక్టర్. నవల సారాంశం, ఒకటి రెండు పాత్రల వర్ణన, ఇది ఏ రకం పాఠకుల కోసం అనే సూచన - ఇవి చిత్రకారులకు అందుతాయి. నవల మొత్తం చదివి గీసేవాళ్లున్నారు. కానీ గడువు దగ్గరపడి, ఒక్కోసారి నవల ఇంకా పూర్తికాక, చదవకుండానే గీయాల్సి రావడం ఈ వృత్తిలో మామూలే. మొదట చేతివేళ్లంత చిత్తుబొమ్మలు మూడో నాలుగో వేస్తారు. ఒకటి ఎంపికవుతుంది. తర్వాత మనుషుల్ని నిలబెట్టి ఫొటోలు తీసుకుని, వాటి ఆధారంగా అసలు బొమ్మ గీస్తారు. ఒకప్పుడు నూనెరంగులు, ఇప్పుడు ఎక్కువగా కంప్యూటరు. ఆ తర్వాత అమ్మకాల విభాగం చూస్తుంది. పెద్ద పుస్తకాల దుకాణాల తరఫున కొనేవాళ్లు పెదవి విరిస్తే తయారైన అట్టను కూడా మార్చేస్తారు.

మరి రచయిత్రి? కాంట్రాక్టుల్లో మామూలుగా ఉండే మాట "సంప్రదింపు". అంటే అట్ట ఆమెకు చూపిస్తారు. ఆమె అభిప్రాయం వింటారు. వినాలని మాత్రమే ఉంటుంది, ఒప్పుకోవాలని ఉండదు. పెళ్లిచూపుల్లో ఆడపిల్లను "నీకిష్టమేనా అమ్మా" అని అడిగినట్టే ఈ సంప్రదింపు కూడా. ఆమోదించే హక్కు బాగా అమ్ముడుపోయే కొద్దిమందికే దక్కుతుంది.

చిత్రకారుల మధ్య కూడా ఇదే ఎగుడుదిగుడు. ఫ్రాంక్ ఫ్రజెట్టా 1966 నుంచి "కోనన్" నవలలకు గీసిన అట్టలు ఈ సాహిత్యానికంతటికీ అచ్చుగా మారాయి. శవాల గుట్టమీద కండలు తిరిగిన వీరుడు, అతని కాలు పట్టుకుని కింద పడి ఉన్న ఆడది. ఫ్రజెట్టా తెలివైనవాడు. అచ్చువేసుకునే హక్కు మాత్రమే ఇచ్చి, అసలు బొమ్మల్ని తన దగ్గరే ఉంచుకున్నాడు. 1969లో ఒక పత్రిక అట్టకోసం గీసిన "ఈజిప్షియన్ క్వీన్" 2019లో వేలంలో 54 లక్షల డాలర్లు పలికింది. శ్రమ మీద హక్కు నిలుపుకుంటే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆయన నిలుపుకున్నందుకు నాకు ఫిర్యాదు లేదు. మిగతావాళ్లకు ఆ హక్కు ఎందుకు అందలేదన్నదే నా ఫిర్యాదు.

ఈ రంగంలో ఇచ్చే హ్యూగో పురస్కారాల జాబితా చూడండి. 1953 నుంచి 2013 వరకు వృత్తి చిత్రకారులకు ఇచ్చిన పురస్కారాల్లో ఒకే ఒక్క స్త్రీ పేరుంది. 1971లో డయాన్ డిల్లాన్, అదీ భర్త లియోతో కలిపి. ఒక స్త్రీకి విడిగా ఆ పురస్కారం రావడానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది. ఆమె జూలీ డిల్లాన్. ఇంటిపేరు కలిసింది గానీ వేరే మనిషి. ఆ తర్వాత వరసగా స్త్రీల పేర్లు కనిపిస్తున్నాయి. అంటే గీయగలిగిన ఆడవాళ్లు లేక కాదు ఆ అరవై ఏళ్ల ఖాళీ!

వంగని నడుం వంచితే

అట్టమీది స్త్రీల భంగిమల సంగతి వేరే చెప్పాలి. రొమ్ములూ పిరుదులూ రెండూ ఒకేసారి చూసేవాడి వైపు తిరిగి ఉండాలి. చేతిలో కత్తి ఉండాలి, కానీ కాలు నేలమీద గట్టిగా ఆనకూడదు. యుద్ధానికి వెళ్తున్నా కడుపు కనిపించాలి. రొమ్ముల ఆకారంలో పోతపోసిన ఉక్కుకవచం ఇంకొక వింత. దాని మీద పడిన కత్తిదెబ్బ పక్కకు జారకుండా సరిగ్గా రొమ్ముల మధ్య ఎముక మీదికే వస్తుంది. కవచమే మనిషిని చంపుతుంది! అది ఆమెను కాపాడటానికి చేసింది కాదు, చూపించడానికి చేసింది.

2012లో జిమ్ హైన్స్ అనే అమెరికన్ ఫాంటసీ రచయిత ఒక పని చేశాడు. నవలల అట్టలమీద స్త్రీలు నిలబడ్డట్టే తాను నిలబడి ఫొటోలు తీయించుకుని అందరికీ చూపించాడు. జనం పగలబడి నవ్వారు. నడుం నొప్పి రాకుండా అలా నిలబడటం సాధ్యం కాదని ఒంటితో నిరూపించాడు. తర్వాత మగ వీరుల భంగిమలు కూడా పెట్టి చూశాడు. అవి కూడా అతిశయమే, కానీ ఆ అతిశయమంతా బలం గురించి. ఇద్దరి బొమ్మలూ అబద్ధాలే. ఒకరి అబద్ధం వాళ్లను పెద్దచేస్తుంది, ఇంకొకరి అబద్ధం వాళ్లను పరుస్తుంది.

ఒక మగవాడు చేసి చూపిస్తే గానీ లోకానికి ఇది వింతగా తోచలేదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆడవాళ్లు ఎన్నో ఏళ్లుగా ఇదే చెప్తే అది సణుగుడు. మగవాడు చేస్తే హాస్యం.

చర్మం రంగు దగ్గర బయటపడిన గుట్టు

అశ్లీలం అనే కొలబద్ద ఎంత పనికిరానిదో అర్థం కావాలంటే ఇంకొక అన్యాయం చూడాలి. ఇందులో నగ్నత్వమే లేదు. నిండా బట్టలున్నాయి. మాయమైంది మనిషి రంగు.

ఉర్సులా లెగ్విన్ 1968లో "ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ" రాసింది. అందులో నాయకుడు గెడ్ రాగిరంగు మనిషి. ఆ ద్వీపాల్లో ఎక్కువమంది గోధుమ, నలుపు రంగువాళ్లే. తెల్లవాళ్లు అంచున ఉంటారు. ఇది ఆమె ఆలోచించి చేసిన పని. మొదటి ప్రచురణకు రూత్ రాబిన్స్ గీసిన అట్ట ఆ రంగును గౌరవించింది. తర్వాతి ప్రచురణల్లో మాత్రం అట్టలమీద గెడ్ పదేపదే తెల్లబడ్డాడు. దీనికోసం ఏళ్ల తరబడి పోట్లాడానని లెగ్విన్ స్వయంగా రాసుకుంది.

ఆక్టేవియా బట్లర్ నల్లజాతి రచయిత్రి. 1987లో వచ్చిన ఆమె నవల "డాన్"లో నాయిక లిలిత్ ఇయాపో నల్లజాతి స్త్రీ. నవల మొదటి ప్రచురణ అట్టమీద ఉన్నది తెల్లజాతి స్త్రీ.

2009లో జస్టిన్ లార్బలెస్టియర్ రాసిన "లయర్" వచ్చింది. కథ చెప్పే అమ్మాయి నల్లజాతి రక్తం ఉన్న పిల్ల, పొట్టి ఉంగరాల జుట్టు. బ్లూమ్స్‌బరీ సంస్థ అమెరికాలో సిద్ధం చేసిన అట్టమీద పొడుగాటి సాపు జుట్టు తెల్ల అమ్మాయి. నల్లవాళ్ల బొమ్మలున్న అట్టలు అమ్ముడుపోవు అన్న మాట ప్రచురణరంగంలో మళ్లీ మళ్లీ వినిపిస్తుందని రచయిత్రి బహిరంగంగా రాసింది. పాఠకులు, లైబ్రేరియన్లు, తోటి రచయితలు గొంతు కలిపారు. పుస్తకం బయటికి రాకముందే సంస్థ అట్ట మార్చింది. కొద్ది నెలలకే, 2010 జనవరిలో, అదే సంస్థ జాక్లిన్ డోలమోర్ నవల "మ్యాజిక్ అండర్ గ్లాస్" విషయంలో అదే పని చేసి, అలాగే వెనక్కి తగ్గాల్సి వచ్చింది.

"అమ్ముడుపోవు" అనే ఈ మాట మనకు కొత్తా? నల్లవాళ్ల బొమ్మ ఉన్న పుస్తకాన్ని దుకాణంలో మూలన పెడతారు. మూలనున్నది ఎవరికీ కనబడదు. కనబడనిది అమ్ముడుపోదు. ఇదిగో సాక్ష్యం అంటారు. ఆడపిల్లను బడి మాన్పించి, చదువు అబ్బలేదు అన్నట్టుంది ఈ తర్కం. మన తెలుగు వారపత్రికల్లో కథలో చామనఛాయ అని స్పష్టంగా రాసిన నాయిక బొమ్మలోకి వచ్చేసరికి గులాబీరంగులోకి మారడం చూడని పాఠకురాలు ఉందా? దళిత స్త్రీ పాత్రకు గీసిన బొమ్మలో కూడా అదే సన్నని ముక్కు, అదే తెల్లని ఒళ్లు. దీని మీద ఏ అశ్లీల వ్యతిరేక కమిటీకైనా ఫిర్యాదు చెయ్యగలమా?

"లయర్" విషయంలో నిషేధం అడగలేదు, పోలీసుల్ని పిలవలేదు. రాసిన మనిషి నోరు విప్పింది, చదివేవాళ్లు ఆమె వెనక నిలబడ్డారు. గెలిచింది అశ్లీలం మీద కాదు, అబద్ధం మీద. మనం నేర్చుకోవలసింది ఈ దారి.

వేరే దారి ఉందని చూపించినవాళ్లు

"వ్యాపారం అంతే, ఇంకోలా కుదరదు" అంటారు. కుదిరింది.

1968లో ఏస్ అనే సంస్థలో టెర్రీ కార్ అనే సంపాదకుడు సైన్స్ ఫిక్షన్ నవలల ప్రత్యేక శ్రేణి మొదలుపెట్టి, అట్టల్ని లియో, డయాన్ డిల్లాన్ దంపతులకు అప్పగించాడు. లియో నల్లజాతి మనిషి, డయాన్ తెల్లజాతి స్త్రీ. ఇద్దరూ ఒకే బొమ్మమీద పనిచేసేవాళ్లు. ఏ గీత ఎవరిదో తామే చెప్పలేమనేవాళ్లు. రాకెట్లు లేవు, రాక్షసులు లేరు, నేలమీద పడ్డ ఆడది లేదు. లెగ్విన్ "లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్" 1969లో ఆ శ్రేణిలోనే, వాళ్ల అట్టతోనే వచ్చింది. ఆడా మగా అనే విభజనే లేని మనుషుల గురించిన ఆ నవల పెద్ద పురస్కారాలు గెలిచి, నేటికీ అచ్చులో ఉంది. అట్టమీద నగ్న స్త్రీ లేనందుకు అది మునిగిపోలేదు.

1985లో లండన్‌లో విమెన్స్ ప్రెస్ అనే స్త్రీవాద ప్రచురణ సంస్థ సైన్స్ ఫిక్షన్ శ్రేణి మొదలుపెట్టింది. జోయానా రస్ "ఫిమేల్ మాన్" వంటి నవలలను అందులో తెచ్చింది. ఈ నవలలు మగపిల్లల ఆటవస్తువులు కావని, స్త్రీల రాజకీయాలు ఇందులోనూ ఉన్నాయని చెప్పడానికి ఆ సంస్థ ముందుకొచ్చింది. మన ఉద్యమం లాంటి ఉద్యమంలోంచే పుట్టిన పని అది.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. రొకియా సఖావత్ హుసేన్ రాసిన "సుల్తానాస్ డ్రీమ్" 1905లో మద్రాసు నుంచి కమలా సత్యనాథన్ నడిపిన "ఇండియన్ లేడీస్ మ్యాగజైన్"లో అచ్చయింది. ఆడవాళ్లు ఎండను పట్టి వంట చేసుకుంటూ, గాలిలో ఎగిరే బళ్లలో తిరుగుతూ, మగవాళ్లను పరదాలో ఉంచిన రాజ్యం కథ అది. వంద ఏళ్ల తర్వాత, 2005లో, చెన్నైలోని తారా బుక్స్ దాన్ని దుర్గాబాయి బొమ్మలతో తెచ్చింది. దుర్గాబాయి మధ్యప్రదేశ్‌కు చెందిన గోండు చిత్రకారిణి. చిన్నప్పుడు ఇంటి గోడల మీద, వాకిళ్లలో ముగ్గులు వేస్తూ గీయడం నేర్చుకుంది. 2022లో పద్మశ్రీ అందుకుంది. ఒక ముస్లిం స్త్రీ కన్న కలకు ఒక ఆదివాసీ స్త్రీ రూపమిచ్చింది. ఆ బొమ్మల్లో స్త్రీలు ఎవరికోసమో నిలబడి లేరు, తమ పనిలో తాము ఉన్నారు. చిత్రకారిణి పేరు పుస్తకం మీద రచయిత్రి పేరుతో పాటు ఉంది.

మనమేం చెయ్యాలి?

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. స్త్రీల సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు ఏటా ఎన్ని పుస్తకాలు, కరపత్రాలు, నివేదికలు వేస్తున్నాయి! వాటి అట్టలు చూడండి. తెగిన సంకెళ్లు, పిడికిలి, పావురం, ముఖం లేని స్త్రీ ఆకారం. లేదా మోకాళ్లలో తలపెట్టుకున్న బాధితురాలు. కోనన్ కాళ్ల దగ్గర పడి ఉన్న స్త్రీకీ, గృహహింస నివేదిక అట్టమీద ముడుచుకుని కూర్చున్న స్త్రీకీ ఎంత దూరం? ఇద్దరూ నేలమీదే ఉన్నారు! లోపల పోరాడిన స్త్రీ కథ ఉంటుంది. అట్టమీద ఆమె ఓడిపోయి ఉంటుంది. జిరెల్‌కు జరిగిందే ఈమెకూ జరుగుతోంది. ఇక బొమ్మ గీసినవాళ్ల పేరు లోపలి పేజీలో చీమతలకాయంత అక్షరాల్లో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. డబ్బు సంగతి అడిగితే "ఉద్యమం కోసం కదా" అంటారు. ప్రెస్సువాడికి, కాగితం కొట్టువాడికి ఉద్యమం పేరు చెప్పి డబ్బు ఎగ్గొట్టగలమా?

దీనికి తోడు ఇప్పుడు కొత్త ప్రమాదం వచ్చింది. నాలుగు మాటలు టైపు చేస్తే కృత్రిమ మేధ బొమ్మ ఇస్తోంది. 2022 చివర్లో టోర్ సంస్థ క్రిస్టఫర్ పవోలినీ నవల "ఫ్రాక్టల్ నాయిస్"కు వేసిన అట్టలో అలా తయారైన బొమ్మ ఉందని బయటపడింది. ఫొటోల బ్యాంకు నుంచి కొన్నాం, మాకు తెలియదు అంది సంస్థ. అట్ట మాత్రం మార్చలేదు. 2023లో బ్లూమ్స్‌బరీ ఇంగ్లండులో వేసిన సారా మాస్ నవల అట్టమీది తోడేలు విషయంలో కూడా ఇలాగే జరిగింది. వేలమంది చిత్రకారుల బొమ్మల్ని వాళ్లను అడగకుండా మింగి నేర్చుకున్న యంత్రం ఇది. తొంభై డాలర్లైనా చేతిలో పడిన మార్గరెట్ బ్రండేజ్ స్థానంలో ఇప్పుడు ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర్లేదు. పైగా అది నేర్చుకున్నది ఉన్న బొమ్మల నుంచే గనక, స్త్రీ యోధురాలు అని అడిగితే తరచుగా మళ్లీ అదే నడుం, అదే కవచం, అదే తెలుపు. డబ్బు లేని మన సంస్థలకు ఇది తేలిక దారిగా కనిపిస్తోంది. తేలిక ఎవరికి అన్నది ఒకసారి ఆలోచించాలి.

అందుకని నేను చర్చకు పెడుతున్న డిమాండ్లు ఇవి.

ఒకటి: రచయిత్రికి అట్ట చూపించి ఊరుకోవడం కాదు, కాదనే హక్కు ఉండాలి. అది నోటిమాట కాకుండా కాగితం మీద ఉండాలి.

రెండు: బొమ్మ గీసినవాళ్ల పేరు అట్టమీదే ఉండాలి. డబ్బు ముందే మాట్లాడుకోవాలి. అసలు బొమ్మ గీసినవాళ్లదే. మళ్లీ అచ్చువేస్తే మళ్లీ డబ్బు ఇవ్వాలి.

మూడు: గీసేవాళ్లకు పుస్తకం మొత్తం చదవడానికి ఇవ్వాలి, చదివే వ్యవధి కూడా ఇవ్వాలి. చదువురాని చిత్రకారిణి అయితే చదివి వినిపించాలి.

నాలుగు: దళిత, ఆదివాసీ, ముస్లిం స్త్రీల గురించిన పుస్తకాలకు ఆ స్త్రీలలోంచే చిత్రకారిణుల్ని వెతకాలి. లేరు అనే మాట చెల్లదు. అరవై ఏళ్ల హ్యూగో జాబితా కూడా లేరనే చెప్పింది.

అయిదు: ఎవరి శ్రమో తెలియని యంత్రపు బొమ్మల్ని స్త్రీల హక్కుల పుస్తకాల మీద వెయ్యకూడదు. డబ్బు లేకపోతే ఉత్త అక్షరాలతో అట్ట వేద్దాం. అక్షరాలు కూడా అందమైనవే.

ఆరు: ఇక ముందు ఏ అట్టమీదైనా అభ్యంతరం చెప్పేటప్పుడు "ఎంత కనిపిస్తోంది" అని కాక మూడు ప్రశ్నలు అడుగుదాం. బొమ్మలో ఉన్నది లోపలి మనిషేనా? ఆమె ఏం చేస్తోంది? ఈ బొమ్మను నిర్ణయించింది ఎవరు?

ఈ మూడో ప్రశ్నకు జవాబుగా ఒక స్త్రీ పేరు వినిపించేదాకా, నగ్నంగా ఉన్నా చీర కట్టినా అట్టమీది ఆడది పరాయి సొత్తే. మీ సంఘం తదుపరి పుస్తకం అచ్చుకు వెళ్లేముందు ఈ డిమాండ్లను కార్యవర్గం ముందు పెట్టండి. ఒప్పుకోని వాళ్లుంటే కారణాలు రాసి ఈ పత్రికకు పంపమనండి. వాదించుకుందాం.